జాతుల పట్టికకు లొంగని నవల: ‘ది హాబిట్’ అధ్యయన కిట్‌పై సమీక్ష

పన్నెండు నుంచి పదహారేళ్ల మధ్య వయసున్న ఏడుగురు పిల్లల చేత జె.ఆర్.ఆర్. టోల్కీన్ నవల ‘ది హాబిట్’ను తొమ్మిది వారాల్లో చదివించే పని ఈ మధ్య నా మీద పడింది. డ్రాగన్ ఆక్రమించిన పర్వతంలోని తమ నిధిని తిరిగి తెచ్చుకోవడానికి థోరిన్ నాయకత్వంలో బయలుదేరిన పదముగ్గురు డ్వార్ఫ్‌లు (పొట్టి గడ్డపు జనం), తమకు దొంగగా పనిచేయమని బిల్బో అనే హాబిట్‌ను (మనుషులకంటే చిన్న ఆకారపు మనిషిని) వెంటబెట్టుకెళ్లే కథ అది. నవలలో 19 అధ్యాయాలు ఉన్నాయి కనుక, వారానికి రెండు చొప్పున చదివి చివరి వారం మూడు చదివితే లెక్క సరిపోతుంది. చదివించడం వరకు నాకు భయం లేదు గానీ, చదివినదాని గురించి పిల్లల చేత మాట్లాడించడానికి ఏదైనా ఊతం ఉంటే బాగుంటుందనిపించి, పాత్రలు, జాతులు, ఇతివృత్తాలు అనే మూడు విభాగాలుగా అమర్చిన ఒక అధ్యయన కిట్‌ను కొన్నాను. 112 పేజీల అభ్యాస పుస్తకం, 24 పాత్రల కార్డులు, గోడకు తగిలించే జాతుల పట్టిక, ఐదు ఇతివృత్త పుస్తికలు, ప్రశ్నల సంపుటి, చదివించేవారికి విడిగా జవాబుల పుస్తకం అందులో వచ్చాయి. కొన్నందుకు చింత లేదు. అయితే గోడ పట్టికను మూడో వారంలోనే కిందికి దించేశాను. ఇతివృత్త పుస్తికల్లో ఒకదానిని మాత్రం చదువు ముగిసిన తరువాత కూడా తిరగేస్తూనే ఉన్నాను. ఒకే పెట్టెలో వచ్చిన ఈ రెండింటి మధ్య ఇంత తేడా ఎందుకుందో వివరించడం కోసమే ఇది రాస్తున్నాను.

ముద్రణ గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. అక్షరాలు పెద్దవిగా ఉన్నాయి, కాగితం దళసరిగా ఉంది, కార్డులు తొమ్మిది వారాలు పిల్లల చేతుల్లో నలిగినా చినగలేదు. అభ్యాస పుస్తకాన్ని మాత్రం అంటించి కుట్టడం వల్ల అది బల్ల మీద పూర్తిగా తెరుచుకోదు. రాయవలసిన పుస్తకానికి ఇది చిన్న లోపం కాదు.

మొదటి నాలుగు పేజీల్లో ఇచ్చిన నేపథ్యం క్లుప్తంగా, నమ్మదగినదిగా ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచీన ఆంగ్ల భాషాచార్యుడిగా పనిచేస్తున్న టోల్కీన్, పరీక్ష పేపర్లు దిద్దుతూ ఒక జవాబుపత్రంలో ఖాళీగా కనిపించిన పేజీ మీద నవల మొదటి వాక్యం రాసుకోవడం, ప్రచురణకర్త స్టాన్లీ అన్విన్ పదేళ్ల కొడుకు రేనర్ రాతప్రతిని చదివి బాగుందని చెప్పినందుకు ఒక షిల్లింగు అందుకోవడం, 1937 సెప్టెంబరు 21న 1,500 ప్రతులతో వెలువడిన మొదటి ముద్రణ ఆ డిసెంబరుకల్లా అమ్ముడైపోవడం వంటి సంగతులు అందులో ఉన్నాయి. తమ వయసువాడి మాట మీద ఒక పుస్తకం అచ్చయిందని తెలిసినప్పుడు మా బృందంలోని చిన్నవాళ్లు కొంచెం నిటారుగా కూర్చున్నారు. నేపథ్యం మొత్తాన్ని ముందే కుమ్మరించకుండా కొన్ని సంగతులను అవసరమైన అధ్యాయం దగ్గర చెప్పడం కూడా మెచ్చుకోదగిన ఏర్పాటు. డ్వార్ఫ్‌ల పేర్లలో అధిక భాగం, మాంత్రికుడు గాండాల్ఫ్ పేరుతో సహా, ప్రాచీన నార్స్ కావ్యం ‘వోలుస్పా’లోని ఒక జాబితా నుంచి వచ్చాయన్న విషయం, పదముగ్గురు డ్వార్ఫ్‌లు ఒకరి వెనుక ఒకరు బిల్బో ఇంటి తలుపు తట్టే మొదటి అధ్యాయం పక్కనే ఉంది. పేర్లు వరసగా దొర్లుకుంటూ రావడంలోని హాస్యం వెనుక ఒక పాత జాబితా ఉందని తెలిస్తే ఆ సన్నివేశం మరింత రుచిస్తుంది.

ఇక పాత్రల కార్డుల సంగతి. ప్రతి కార్డు ముందువైపు బొమ్మ, పేరు, జాతి, మూడు విశేషణాలు ఉంటాయి. వెనకవైపు ‘ఏ అధ్యాయంలో ఏమి చేశాడు, ఎందుకు చేశాడు’ అని పాఠకుడు నింపవలసిన ఖాళీ పట్టిక ఉంటుంది. వెనకవైపును రూపొందించిన మనిషికి నవల బాగా తెలుసు. ముందువైపును రాసిన మనిషి, బహుశా మరొకరు, నవల సారాంశాన్ని మాత్రమే చదివినట్లున్నారు. బిల్బో కార్డు మీద ‘ధైర్యవంతుడు, తెలివైనవాడు, వినయశీలి’ అని ఉంది. ఈ మూడూ అబద్ధాలు కావు, కానీ వీటిలో ఏ ఒక్కటీ బిల్బోను మరో పాత్ర నుంచి వేరుచేయదు. చేతిరుమాలు మరిచిపోయి వచ్చానని దారిలో బెంగపడే మధ్యవయస్కుడు, డ్రాగన్ ఉన్న సొరంగంలోకి ఒంటరిగా దిగే మనిషిగా ఎలా మారాడన్నది ఈ విశేషణాల్లో ఎక్కడా కనిపించదు. పైగా కథకుడే ఒక చోట స్పష్టంగా చెబుతాడు: బిల్బో చేసిన అతిపెద్ద సాహసం డ్రాగన్‌తో మాట్లాడడం కాదు, దాని గురక వినిపిస్తున్న చీకటిలో ఒక్క క్షణం ఆగి, మళ్లీ అడుగు ముందుకు వేయడం. ధైర్యం అన్న మాటకు నవల ఇచ్చే నిర్వచనమే అది. కార్డు దానిని ఒక్క పదంగా కుదించి వదిలేసింది.

వెనకవైపు ఖాళీ పట్టిక ఏమి సాధించగలదో చెప్పడానికి ఒక ఉదాహరణ ఇస్తాను. అడవిలో ఉండే ఎల్ఫ్ జాతివారైన వన ఎల్ఫ్‌ల రాజు చెరసాల నుంచి డ్వార్ఫ్‌లను పీపాల్లో దాచి తప్పించే తొమ్మిదో అధ్యాయాన్ని నింపుతున్నప్పుడు, మా బృందంలో అందరికంటే తక్కువ మాట్లాడే అమ్మాయి, ‘తాళాలను తిరిగి కాపలాదారు నడుముకే తగిలించాడు’ అని రాసింది. తాగి నిద్రపోతున్న ఆ కాపలాదారు మరునాడు రాజు కోపానికి గురికాకుండా, కొంతైనా నింద తప్పించుకోవాలని బిల్బో అలా చేస్తాడు. కథ నడవడానికి ఆ పని అవసరం లేదు. శత్రువు సేవకుడి పట్ల కూడా అతనికి పట్టింపు ఉందని చెప్పడం తప్ప దానికి వేరే ప్రయోజనమూ లేదు. అదే పట్టికలో పదహారో అధ్యాయం గడిలో మరొక అబ్బాయి, ‘బాంబుర్‌ను అర్ధరాత్రి లేపుతానన్న మాట నిలబెట్టుకున్నాడు’ అని రాశాడు. థోరిన్ ప్రాణంగా కోరుకునే ఆర్కెన్‌స్టోన్ అనే రత్నాన్ని తన మిత్రుల శత్రువులకు అప్పగించి, అక్కడే ఉండిపొమ్మని వాళ్లు చెప్పినా వినకుండా, థోరిన్ కోపం తన మీద విరుచుకుపడుతుందని తెలిసీ బిల్బో పర్వతానికి తిరిగి వస్తాడు. వచ్చి, ఏమీ జరగనట్టు, కాపలా మార్చడానికి బాంబుర్ అనే డ్వార్ఫ్‌ను నిద్రలేపుతాడు. ఈ రెండు గడులను పక్కపక్కన పెట్టి మేము గంటసేపు మాట్లాడుకున్నాము. ఆ గంటలో కార్డు ముందువైపు ఎవరికీ అవసరం రాలేదు.

చిన్న పాత్రల విషయంలో కిట్ అనవసరమైన మొహమాటానికి పోయింది. పదముగ్గురు డ్వార్ఫ్‌లకూ తలా ఒక కార్డు ఇచ్చేసరికి నోరీ, ఓరీ, బిఫుర్ వంటివారి గురించి చెప్పడానికి ఏమీ లేక, అవే మాటలను అటూ ఇటూ మార్చి రాశారు. రచయితే వారిలో కొందరిని పేరుకు మించి పెంచలేదు. ఆ సంగతిని ఒప్పుకొని, ఎందుకు పెంచలేదో ఆలోచించమని పిల్లలను అడిగితే మంచి ప్రశ్న అయ్యేది. 24 కార్డుల్లో పదమూడు ఇలా ఖర్చైపోవడం వల్ల మనుషుల పట్టణమైన లేక్‌టౌన్ అధిపతికి కార్డే లేకుండా పోయింది. అతను ఎందుకు ముఖ్యుడో తరువాత చెబుతాను.

గోడకు తగిలించే జాతుల పట్టిక పెద్దది, రంగురంగులది. పెట్టె తెరవగానే కంటికి ఆనేది కూడా అదే. హాబిట్‌లు, డ్వార్ఫ్‌లు, ఎల్ఫ్‌లు, మనుషులు, గోబ్లిన్‌లు, ట్రోల్‌లు అనే రాకాసి జీవులు, గద్దలు, సాలీళ్లు, డ్రాగన్ అంటూ వరసలు. రూపం, నివాసం, భోజనం, స్వభావం, ‘మంచివారా, చెడ్డవారా’ అంటూ గడులు. మొదటి మూడు గడులతో నాకు పేచీ లేదు. హాబిట్‌లు చెప్పులు తొడగరని, రోజుకు రెండు పూటలు భోంచేయగలిగితే మరీ సంతోషిస్తారని చెప్పడంలో తప్పేముంది? చిక్కంతా చివరి రెండు గడుల దగ్గర వచ్చింది. డ్వార్ఫ్‌ల స్వభావం ‘పిసినారితనం, పట్టుదల’, ఎల్ఫ్‌లది ‘సౌమ్యత, జ్ఞానం’, గోబ్లిన్‌లది ‘క్రూరత్వం’, మనుషులది ‘మిశ్రమం’. అంటే మనుషులకు మాత్రమే ఒకరికొకరు భిన్నంగా ఉండే హక్కు ఉందన్నమాట.

నవల చేసేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. డ్వార్ఫ్‌లు వీరులు కారని, డబ్బు విలువ తెలిసిన లెక్కల మనుషులని, వారిలో మోసగాళ్లూ ఉన్నారని, మరీ ఎక్కువ ఆశించకపోతే మర్యాదస్తులూ ఉన్నారని కథకుడు పన్నెండో అధ్యాయంలో తీర్పు చెప్పే మాట నిజమే. కానీ అదే పేజీల్లో, మిగిలినవారంతా వెనకడుగు వేసినప్పుడు ముసలి బాలిన్ ఒక్కడు బిల్బో వెంట సొరంగంలోకి కొంత దూరం నడుస్తాడు. తీర్పు చెప్పిన వెంటనే దానికి మినహాయింపును పక్కన నిలబెట్టడం ఈ కథకుడికి అలవాటు. వన ఎల్ఫ్‌లు సజ్జనులని చెబుతూనే, కొత్తవారిని నమ్మకపోవడం, వెండి మీదా తెల్లని రత్నాల మీదా రాజుకున్న మోజు గురించీ దాచకుండా చెబుతాడు. డ్రాగన్ చనిపోయిందని తెలియగానే నిధి కోసం బయలుదేరిన ఆ రాజే, దారిలో లేక్‌టౌన్ ప్రజల దుస్థితి తెలిసి, ముందు వారిని ఆదుకోవడానికి దారి మళ్లుతాడు. ఇంతకీ గద్దలు దయగల పక్షులు కావు. వాటిలో పిరికివీ క్రూరమైనవీ ఉన్నాయని, ఉత్తర పర్వతాల్లోని ప్రాచీన వంశం మాత్రం వేరని నవలలో ఉంది. బిల్బోను పట్టుకున్న ట్రోల్‌లలో విలియం, పాపం ఈ చిన్నవాడిని వదిలేద్దామని అంటాడు. కొన్ని ప్రాంతాల్లో దుష్ట డ్వార్ఫ్‌లు గోబ్లిన్‌లతో పొత్తు కూడా పెట్టుకున్నారని నాలుగో అధ్యాయం చెబుతుంది. ఇవన్నీ పట్టికలో ఏ గడిలో కూర్చుంటాయి? బియోర్న్ ఒక్కడు చాలు ఆ పట్టికను చించడానికి: మనిషా, ఎలుగుబంటా అన్నది తేలదు, పాలు, తేనెలతో అతిథులను ఆదరిస్తాడు, గోబ్లిన్ తలను తన గుమ్మం బయట గుచ్చి పెడతాడు. కిట్ అతనిని ‘ఇతరులు’ అనే వరసలో పడేసి చేతులు దులుపుకుంది.

ఇక్కడ మాటల సమస్య కూడా కొంత ఉందని ఒప్పుకోవాలి. తెలుగులో ‘జాతి’ అన్నది చాలా బరువులు మోసే పదం: పక్షిజాతి అన్నా అదే, మానవజాతి అన్నా అదే, ఒక దేశ ప్రజలన్నా అదే. ఒక జంతువుకు పుట్టుకతో వచ్చే లక్షణాలకూ, ఒక జనసమూహం చరిత్ర వల్ల అలవరచుకున్న పద్ధతులకూ మధ్య గీత గీయవలసిన చోట ఈ పదం ఆ గీతను చెరిపేస్తుంది. డ్వార్ఫ్‌లు బంగారం కోసం తపించడం పుట్టుగుణమా, లేక ఇల్లూ వాకిలీ డ్రాగన్‌కు పోగొట్టుకుని, దేశాలు పట్టుకుని బొగ్గు తవ్వడం వంటి పనులకు కూడా దిగవలసి వచ్చిన ప్రజలకు మిగిలిన జ్ఞాపకమా? ఈ ప్రశ్నను అడగకుండా డ్వార్ఫ్‌ల గురించి ఏమి చెప్పినా అది అరకొరగానే ఉంటుంది. టోల్కీన్ తరువాతి కాలంలో ఒక ఉత్తరంలో డ్వార్ఫ్‌లను యూదులతో పోల్చాడు: తామున్న చోట స్థానికులుగానూ పరాయివారుగానూ ఒకేసారి ఉంటారని, ఆ దేశపు భాషను తమ సొంత యాసతో మాట్లాడతారని అన్నాడు. అలాంటి పోలికకు సొత్తు మీద మమకారాన్ని కూడా జోడిస్తే అది ఎటు దారితీయగలదో పెద్ద పిల్లలతో చర్చించవలసిన విషయమే. దానితోపాటే, 1938లో జర్మన్ అనువాదం సందర్భంగా అక్కడి ప్రచురణకర్త టోల్కీన్‌ను ఆర్య వంశీకుడా అని అడిగినప్పుడు, తనకు యూదు పూర్వీకులు లేకపోవడమే విచారకరమన్న ధోరణిలో అతను ఘాటైన జవాబు రాసిపెట్టుకున్నాడన్నది కూడా ముందుంచాలి. కిట్‌లో ఈ రెండింటి ప్రస్తావనా లేదు. చిన్నపిల్లల అభ్యాస పుస్తకంలో లేకపోతే లేకపోయిందనుకోవచ్చు. కానీ జాతుల మీద ఒక విభాగమే పెట్టి, చదివించేవారి పుస్తకంలో సైతం దీని ఊసెత్తకపోవడం సమర్థించలేని లోటు.

చివరికి మేము పట్టికను దించి, దాని వెనకవైపు తెల్లగా ఉన్న కాగితం మీద మా పట్టిక మేమే గీసుకున్నాము. ‘స్వభావం’ అన్న గడిని రెండుగా చీల్చి, ‘వీరి గురించి ఎవరు ఏమన్నారు’, ‘వీరిలో ఎవరు దానికి భిన్నంగా నడిచారు’ అని పేర్లు పెట్టాము. రెండు వారాలు గడిచేసరికి రెండో గడి మొదటిదాని కంటే ఎక్కువ నిండింది. కిట్ తయారీదారులు ఈ మార్పు చేసుకుంటే నాకు అభ్యంతరం లేదు.

ఒక తప్పును మాత్రం క్షమించలేకపోయాను. ఎల్ఫ్‌ల వరసలో లెగోలాస్, టౌరియెల్ పేర్లు ఉన్నాయి. గోబ్లిన్‌ల నాయకుడిగా అజోగ్ చిత్రం ఉంది. ఈ నవలలో లెగోలాస్ లేడు. అతను 1954, 1955లలో వచ్చిన తరువాతి పెద్ద నవల ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో పాత్ర. టౌరియెల్ 2012, 2014 మధ్య వచ్చిన సినిమాల కోసం కల్పించిన పాత్ర. థోరిన్ తాతను చంపిన గోబ్లిన్‌గా అజోగ్ పేరు నవలలో వినిపిస్తుందే తప్ప, చివరి యుద్ధంలో గోబ్లిన్‌లను నడిపించేది అతని కొడుకు బోల్గ్. నవలను అధ్యయనం చేయించే సామగ్రి సినిమా చూసి తయారుకావడమంటే పెళ్లికొడుకును వదిలేసి తోడిపెళ్లికొడుకుకు బాసికం కట్టడమే. తయారీదారుకు ఉత్తరం రాశాను. తదుపరి ముద్రణలో సరిచేస్తామని మర్యాదగానే జవాబు వచ్చింది. మర్యాద సంతోషమే, కానీ ఈ ముద్రణను కొన్నవారికి ఒక సవరణ పత్రమైనా పంపాలన్న ఆలోచన వారికి కలగలేదు.

ఇంత చెప్పిన తరువాత, అదే పెట్టెలోని ‘సొత్తు’ అనే ఇతివృత్త పుస్తికను చూస్తే వేరే సంస్థ తయారుచేసిందేమో అనిపిస్తుంది. 28 పేజీల ఈ పుస్తిక ‘దురాశ చెడ్డది’ అని మొదలుపెట్టదు. నాలుగు వస్తువులను పట్టుకుని, అవి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లాయో అధ్యాయం వెంట అధ్యాయం గుర్తించమంటుంది: ఒప్పందపత్రం, డ్రాగన్ స్మౌగ్ దగ్గరి పానపాత్ర, ఆర్కెన్‌స్టోన్, బిల్బో ఇంట్లోని వెండి చెంచాలు.

డ్వార్ఫ్‌లతో కుదిరిన ఒప్పందపత్రంలో బిల్బోకు లాభాల్లో పద్నాలుగో వంతు వరకు ముట్టజెబుతామని ఉంటుంది. ఆ పద్నాలుగో వంతు అన్న లెక్క నవల చివరివరకు ఎలా ప్రయాణిస్తుందో పుస్తిక చూపించే తీరు మెచ్చదగినది. తన వాటాను తానే ఎంచుకోవచ్చన్న సాకుతో బిల్బో ఆర్కెన్‌స్టోన్‌ను జేబులో వేసుకుంటాడు. అలా చేస్తున్నప్పుడే, ఇప్పుడు నిజంగా దొంగనయ్యానని అతనికి తోస్తుంది. ఆ రత్నాన్ని లేక్‌టౌన్ విలుకాడు బార్డ్‌కు, ఎల్ఫ్‌ల రాజుకు అప్పగించేటప్పుడు అది తన వాటా కింద వస్తుందన్న వాదననే వాడతాడు. థోరిన్ మరణానంతరం అతని బంధువు డైన్ మాట నిలబెట్టుకుని, నిధిలో పద్నాలుగో వంతును బార్డ్‌కు ఇస్తాడు; బార్డ్ ఆర్కెన్‌స్టోన్‌ను థోరిన్ గుండెల మీద ఉంచి సమాధి చేయిస్తాడు. అంటే ఒక చిన్న వాటా ఒప్పందం దొంగతనానికి సాకుగా, సంధికి సాధనంగా, చివరికి న్యాయమైన పంపకంగా మారింది. బిల్బో మాత్రం రెండు చిన్న పెట్టెలు, ఒక దానిలో బంగారం, మరొక దానిలో వెండి, ఒక పోనీ మోయగలిగినంత మాత్రమే తీసుకుని ఇంటికి వెళ్తాడు. ఈ దారిని గీసి చూపించాక, దురాశ అన్న మాటను మా పిల్లలు ఒక్కరూ వాడలేదు; అవసరం రాలేదు.

స్మౌగ్ పానపాత్ర దగ్గర పుస్తిక మరొక మెట్టు ఎక్కింది. నిధి గుట్టలో నుంచి బిల్బో తీసుకెళ్లిన ఒకే ఒక్క పానపాత్ర కోసం డ్రాగన్ పర్వతమంతా తగలబెడుతుంది. ఎప్పుడూ వాడని వస్తువు పోతే ధనవంతులకు వచ్చే కోపం లాంటిదని కథకుడు దానిని వర్ణిస్తాడు. ప్రాచీన ఆంగ్ల కావ్యం ‘బేవుల్ఫ్’లో కూడా ఒక దొంగ పానపాత్రను ఎత్తుకుపోవడమే డ్రాగన్ నిద్ర చెడగొడుతుందని, టోల్కీన్ 1936లో ఆ కావ్యం మీద పేరుపొందిన ఉపన్యాసం ఇచ్చాడని, తన ప్రధాన ఆధారాల్లో ‘బేవుల్ఫ్’ ఒకటని తానే చెప్పాడని పుస్తిక ఇక్కడ చెబుతుంది. మూలం ఉందని చెప్పి ఊరుకోకుండా తేడా ఏమిటో కూడా అడుగుతుంది: అక్కడ పానపాత్రను ఎత్తుకెళ్లినవాడికి పేరు నిలవలేదు, ఇక్కడ అతడే కథానాయకుడు. ఈ ప్రశ్న మీద నేను కూడా ఇంతకుముందు ఆలోచించలేదు.

డ్రాగన్ జబ్బు, అంటే నిధి మీద పుట్టే పిచ్చి వ్యామోహం, జాతిని చూసి అంటుకోదన్నది ఈ పుస్తికలోని అసలు విషయం. అది థోరిన్‌కు అంటుకుంది. ఎల్ఫ్‌ల రాజుకు దాని వాసన తగిలింది. బిల్బోకు కూడా క్షణకాలం సోకింది. లేక్‌టౌన్ అధిపతి అనే మనిషికి అది పూర్తిగా పట్టి, ప్రజల సహాయం కోసం ఇచ్చిన బంగారాన్ని ఎత్తుకుపోయి, తనవారు విడిచిపెట్టగా బీడు భూముల్లో ఆకలితో చచ్చిపోయాడు. అతనికి కార్డు లేకపోవడం ఎందుకు లోపమో ఇప్పుడు తెలుస్తుంది. జాతికొక గుణం అంటగట్టిన గోడ పట్టికను ఖండించడానికి ఇంతకంటే మంచి ఆధారం అక్కర్లేదు. ఆ ఆధారాన్ని అదే కిట్ ఇస్తోంది. రెండు విభాగాలను రాసినవారు ఒకరి పని ఒకరు చదివి ఉంటే బాగుండేది.

‘కరుణ’ పుస్తికలో ఉద్దేశం మంచిదే గానీ ఒక ముఖ్యమైన సంగతి జారిపోయింది. కత్తి చేతిలో ఉండి కూడా, తాను ఎవరికీ కనబడకుండా ఉండి కూడా, బిల్బో గుహల చీకటిలో బతికే గొల్లమ్ అనే జీవిని చంపకుండా అతని మీదుగా చీకట్లోకి దూకే సన్నివేశం మీద పుస్తిక మొత్తం నిలబడింది. కానీ ఆ సన్నివేశం 1937 నాటి ప్రతిలో లేదు. మొదటి ప్రతిలో గొల్లమ్ పొడుపుకథల పందెంలో, తొడిగినవారిని కనబడకుండా చేసే తన ఉంగరాన్నే బహుమతిగా ఒడ్డుతాడు. ఓడిపోయాక అది కనిపించకపోతే క్షమాపణ చెప్పి, బయటికి దారి చూపిస్తాడు. తరువాతి నవలలో ఆ ఉంగరం ఎంత భయంకరమైనదో నిర్ణయించుకున్నాక, దానికి పొంతన కుదిరేలా టోల్కీన్ అయిదో అధ్యాయాన్ని తిరగరాశాడు. 1951లో వచ్చిన రెండో కూర్పులో ఆ మార్పు చేరింది. ఒక ఇతివృత్తం నవలలోకి పద్నాలుగేళ్ల తరువాత ప్రవేశించిందన్నది అధ్యయనానికి ఎంత గొప్ప అవకాశం! నేను రెండు పాఠాల్లోని తేడాను నోటితో చెప్పినప్పుడు, మొదటి గొల్లమ్ మంచివాడా, రెండో బిల్బో మంచివాడా అని పిల్లలు వాదులాడుకున్నారు. పుస్తికలో ఒక్క పేరా చాలు ఆ వాదన పుట్టించడానికి.

యుద్ధం మీది పుస్తిక ఫరవాలేదు. అయిదు సైన్యాల యుద్ధంలో రాయి దెబ్బకు స్పృహ తప్పి కథానాయకుడు చాలా భాగం చూడనే లేకపోవడాన్ని, గోబ్లిన్‌లు ఒకేసారి చాలామందిని చంపే యంత్రాలను కనిపెట్టి ఉంటారన్న కథకుడి మాటను, మొదటి ప్రపంచ యుద్ధంలో భాగంగా 1916లో జరిగిన సొమ్ యుద్ధంలో పాల్గొన్న రచయిత అనుభవంతో కలిపి చదవమంటుంది; ఒకదానిని మరొకదానికి కారణంగా చూపించే తొందరపాటు చేయలేదు. ‘ఇల్లు, ప్రయాణం’, ‘అదృష్టం’ అనే మిగతా రెండూ సాదాసీదాగా ఉన్నాయి.

కిట్ మొత్తంలో కథకుడి గురించి ఒక్క పేజీ కూడా లేకపోవడం నాకు అంతుపట్టలేదు. ఈ నవలలో అందరికంటే ఎక్కువగా మాట్లాడే పాత్ర అతనే; పాఠకుడిని పక్కకు పిలిచి చెవిలో చెప్పినట్టు మాట్లాడుతూ, తీర్పులు చెబుతూ, కొన్నిసార్లు వాటిని తానే సడలిస్తూ పోతాడు. జాతుల గురించి మనకు తెలిసినదంతా అతని నోటి నుంచి వచ్చినదే. అతని మాటను ఎంతవరకు నమ్మాలని అడగని అధ్యయనం సగంలోనే ఆగిపోతుంది. అలాగే నవలలో పేరుతో కనిపించే స్త్రీ బిల్బో తల్లి బెల్లడోనా టూక్ ఒక్కరే. ఆమె కూడా కథ మొదలయ్యే ముందే జీవించిన మనిషి. ఎందుకిలా అని మా బృందంలోని ఆడపిల్లలు మొదటి వారమే అడిగారు. జవాబుల పుస్తకంలో ఆ ప్రశ్నకు చోటు లేదు.

జవాబుల పుస్తకం గురించి రెండు మాటలే చెబుతాను. ‘బిల్బో ఆర్కెన్‌స్టోన్ ఇచ్చేయడం సరైనదేనా?’ అన్న ప్రశ్నకు ‘అవును, శాంతి కోసం’ అని అందులో జవాబు ఉంది. థోరిన్ వైపు నుంచి చూస్తే అది నమ్మకద్రోహమని, బిల్బోకు కూడా ఆ అనుమానం ఉండబట్టే తన వాటా మొత్తాన్ని వదులుకోవడానికి సిద్ధపడ్డాడని వాదించిన పిల్లవాడికి ఈ పుస్తకం ప్రకారం సున్నా మార్కులు వేయాలి. నేను వేయలేదు. ప్రశ్నల సంపుటిలో మూడొంతులు, నాలుగు జవాబుల్లో ఒకదాన్ని ఎంచుకోమనే రకానివే. కత్తుల పేర్లు, పోనీల లెక్క గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తాయి. థోరిన్ తాత థ్రోర్ పటం మీది, ప్రాచీన ఉత్తర ఐరోపా లిపి అయిన రూన్ లిపిని చదివించే ఒక్క అభ్యాసం మాత్రం అందరినీ ఊపేసింది. ఆ సాయంత్రం నుంచి మా బృందంలో చీటీలన్నీ ఆ లిపిలోనే నడిచాయి.

ఒంటరిగా చదువుకునే పాఠకుడికి ఈ కిట్‌ను సిఫారసు చేయను. తప్పులను సరిదిద్దేవారు పక్కన లేకపోతే సినిమా పాత్రలు నవలలో ఉన్నాయనే నమ్మకంతో మిగిలిపోతాడు. నవలను స్వయంగా రెండుసార్లైనా చదివి, ఇతరుల చేత చదివించేవారికి మాత్రం ‘సొత్తు’ పుస్తిక, కార్డుల వెనకవైపు, రూన్ అభ్యాసం అన్న మూడింటి కోసమే కొనదగినది. అయిదింటికి మూడు నక్షత్రాలు ఇస్తున్నాను. సవరించిన ముద్రణ వచ్చి, అందులో లెగోలాస్ పోయి లేక్‌టౌన్ అధిపతి చేరితే నాలుగో నక్షత్రం సంగతి అప్పుడు చూస్తాను.